మళ్లీ చేస్తాడా?

ఒక మనిషి చేతిలో మరో మనిషి ప్రాణం పోయింది. చేసింది అతనేనని కోర్టులో తేలింది. ఆ క్షణాన అతనికి మతిస్థిమితం లేదని, తాను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో తెలిసే స్థితిలో లేడని కూడా తేలింది. అలాంటప్పుడు చట్టం దాన్ని నేరంగా చూడదు. 1860 నాటి శిక్షాస్మృతిలో 84వ సెక్షన్ చెప్పిన మాట ఇది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్‌గా అదే మాట కొనసాగుతోంది.

నేరం కానప్పుడు శిక్ష లేదు. అయినా తీర్పు వచ్చిన సాయంత్రమే అతను కరీంనగర్ బస్టాండులో ఊరి బస్సు ఎక్కలేడు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 374వ సెక్షన్ కోర్టుకు రెండు దారులు చూపిస్తుంది. ఒకటి, అతన్ని భద్రమైన చోట ఉంచడం. రెండోది, తనకుగానీ ఇతరులకుగానీ హాని చేయకుండా చూసుకుంటామని పూచీకత్తు ఇచ్చే బంధువుకో స్నేహితుడికో అప్పగించడం. మొదటి దారిన పోయినవాడు బయటికి రావాలంటే, వదిలిపెడితే ఎవరికీ ప్రమాదం లేదని అధికారులు ధ్రువీకరించాలి. అది 377వ సెక్షన్.

అంటే ఒక మనిషి రేపు ఏం చేస్తాడన్నదాని మీద ఇవాళే సంతకం పెట్టమని చట్టం అడుగుతోంది. ఆ సంతకానికి ఆధారం డాక్టరు నివేదిక. జడ్జి గారు అడిగే తీరు వేరు, ఊరి సర్పంచ్ అడిగే తీరు వేరు. "మళ్ల లేస్తడా సారూ?" అంటుంది ఊరు. "ఇంటికి తోల్కపోవచ్చునా అయ్యా?" అంటుంది తల్లి. ముగ్గురి ప్రశ్నా ఒకటే. దానికి విజ్ఞానశాస్త్రం దగ్గర ఎంత జవాబు ఉంది, ఉత్తర తెలంగాణలో ఆ జవాబు ఎంతవరకు పనికొస్తుంది అన్నది ఈ అధ్యాయం.

ఎర్రగడ్డ దారి

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్లు. కరీంనగర్ నుంచి అందులో సగానికి కాస్త ఎక్కువ. మతిస్థిమితం మీద అనుమానం వచ్చిన రిమాండు ఖైదీని ఎస్కార్టు పోలీసులు వెంటబెట్టుకొని ఈ దారిన ఎర్రగడ్డకు తెస్తారు. నిజాం రాజ్యంలో జాల్నాలో ఉన్న మానసిక ఆసుపత్రి 1953లో ఇక్కడికి మారింది. అప్పటి నుంచి తెలంగాణ పల్లెల్లో ఎర్రగడ్డ అన్నది ఊరి పేరుగా కన్నా తిట్టుగానే ఎక్కువ వినిపిస్తుంది. ఇప్పుడు ఆదిలాబాద్ రిమ్స్‌లో, కరీంనగర్ మెడికల్ కాలేజీల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. అయినా కోర్టు ఆదేశంతో ఖైదీని వార్డులో ఉంచి గమనించి నివేదిక ఇవ్వాల్సి వచ్చినప్పుడు అందరి చూపూ ఎర్రగడ్డ వైపే పోతుంది.

అక్కడికి వచ్చిన మనిషి గురించి డాక్టర్లకు మూడు వేర్వేరు ప్రశ్నలు ఎదురవుతాయి. ఘటన జరిగిన నాడు అతని మనసు ఏ స్థితిలో ఉంది? ఇవాళ కోర్టులో తన తరఫు వాదన తాను అర్థం చేసుకోగలడా? బయటికి పంపితే రేపు హింసకు దిగుతాడా? మొదటిది గతం, రెండోది వర్తమానం, మూడోది భవిష్యత్తు. మొదటి రెండింటికీ కళ్లెదుట సాక్ష్యం దొరుకుతుంది. మూడోదానికి సాక్ష్యం ఇంకా పుట్టనే లేదు. తెలివైన డాక్టర్లు దశాబ్దాల తరబడి తప్పులో కాలేసింది అక్కడే.

డాక్టర్ల అంచనాకు ఎదురైన పరీక్ష

ఆ తప్పు ఎంత పెద్దదో అనుకోకుండా బయటపడింది. న్యూయార్క్ రాష్ట్రంలో జానీ బాక్‌స్ట్రమ్ అనే ఖైదీని శిక్షాకాలం ముగిశాక కూడా ప్రమాదకారి అంటూ నేరస్థుల మానసిక ఆసుపత్రిలోనే ఉంచేశారు. అది చెల్లదని 1966లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాంతో అతనిలాంటి 967 మందిని సాధారణ మానసిక ఆసుపత్రులకు మార్చక తప్పలేదు. వీళ్లందరూ ప్రమాదకారులని డాక్టర్లు రాసిచ్చినవాళ్లే. సిబ్బంది భయపడ్డారు, చుట్టుపక్కల జనం భయపడ్డారు. హెన్రీ స్టెడ్‌మన్, జోసెఫ్ కకోజా అనే పరిశోధకులు నాలుగేళ్లు వాళ్ల జాడ పట్టుకొని చూశారు. జైలుకో, నేరస్థుల ఆసుపత్రికో తిరిగి చేరినవాళ్లు 3 శాతం లోపే.

1981లో జాన్ మోనహన్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పోగేసి లెక్క తీశాడు. ప్రమాదకారి అని డాక్టరు చెప్పిన ముగ్గురిలో నిజంగా హింసకు పాల్పడింది మహా అయితే ఒక్కరు. 1983లో ఒక ఉరిశిక్ష కేసులో అమెరికా మానసిక వైద్యుల సంఘమే, ఇలాంటి దీర్ఘకాలపు జోస్యాలు మూడింట రెండు తప్పుతాయి, వీటిని నమ్మవద్దని సుప్రీంకోర్టుకు విన్నవించుకుంది. కోర్టు వినలేదు. మన దేశంలోనూ 1980 నాటి సుప్రీంకోర్టు బచన్ సింగ్ తీర్పు, ఉరి వేయాలా వద్దా అని తేల్చేటప్పుడు నిందితుడు మళ్లీ హింసకు దిగే అవకాశం ఎంత అని చూడమంది. ఎలా చూడాలో మాత్రం చెప్పలేదు.

డాక్టర్లు ఎందుకు పొరబడ్డారు? వాళ్లకు వైద్యం తెలియక కాదు. కేసు ఎంత ఘోరంగా ఉంటే మనిషి అంత ప్రమాదకారిగా కనిపిస్తాడు. వార్డులో మౌనంగా, ముఖం ముడుచుకొని ఉండేవాడు భయపెడతాడు, నవ్వుతూ పలకరించేవాడు నమ్మకం కలిగిస్తాడు. పైగా తప్పు ఎటువైపు జరిగినా ఫలితం ఒకేలా ఉండదు. వదిలేసినవాడు ఎవరినైనా చంపితే పేపర్లో డాక్టరు పేరు వస్తుంది. ఏ హానీ చేయనివాడు ఇరవై ఏళ్లు లోపల మగ్గితే ఎవరి పేరూ రాదు.

లెక్కలో ఉన్న చిక్కు

అనుభవం, జాగ్రత్త ఎంత పెంచినా ఒక చిక్కు మాత్రం వదలదు. అది గణితంలో ఉంది. ఉదాహరణకు వెయ్యి మంది రోగులు డిశ్చార్జి అయ్యారనుకుందాం. వాళ్లలో వచ్చే ఏడాది హింసకు పాల్పడేవాళ్లు 50 మంది అనుకుందాం. మన దగ్గర ఒక మంచి పరీక్ష ఉంది. హింసకు దిగేవాళ్లలో 80 శాతం మందిని అది పట్టుకుంటుంది, దిగనివాళ్లలో 80 శాతం మందిని సరిగ్గానే వదిలేస్తుంది.

ఇప్పుడు లెక్క వేయండి. 50 మందిలో 40 మంది దొరికారు. మిగతా 950 మందిలో 20 శాతం, అంటే 190 మంది ఏ పాపం ఎరగకుండానే ప్రమాదకారుల జాబితాకెక్కారు. మొత్తం జాబితా 230. అందులో నిజమైనవాళ్లు 40. ప్రతి ఆరుగురిలో ఒక్కడి కోసం ఐదుగురిని లోపల ఉంచాల్సి వస్తుంది. అంత చేసినా పది మంది తప్పించుకుంటారు. ఘటన ఎంత అరుదైతే, ముందే పట్టుకోవాలన్న ప్రయత్నంలో అమాయకులు అంత ఎక్కువగా చిక్కుకుంటారు. హత్యలాంటి అత్యంత అరుదైన ఘటన దగ్గరకు వచ్చేసరికి ఏ పరీక్షా మనిషిని వేలెత్తి చూపలేదు.

ఇది ఊహాలెక్కే. అసలు లెక్కలు కూడా ఉన్నాయి. 2012లో సీనా ఫజెల్ బృందం 73 సమూహాలకు చెందిన 24,827 మంది వివరాలతో హింసా ప్రమాదాన్ని అంచనా వేసే పరికరాలను కలిపి బేరీజు వేసింది. హింసకు దిగే ప్రమాదం ఉందని తేల్చినవాళ్లలో 41 శాతం మందే తర్వాత హింసకు పాల్పడ్డారు. ప్రమాదం తక్కువ అని చెప్పినవాళ్లలో 91 శాతం మంది నిజంగానే ఏమీ చేయలేదు. అంటే ఈ పరికరాలకు "ఇతన్ని పంపవచ్చు" అని చెప్పడం వచ్చినంత బాగా "ఇతన్ని ఆపాలి" అని చెప్పడం రాదు. మన దగ్గర వీటిని వాడాలనుకుంటే మొదట గుర్తుంచుకోవాల్సిన ఫలితం ఇదే.

మారనివి, మారేవి

పరికరాలు రెండు రకాలు. మొదటి రకం పూర్తిగా అంకెల మీద నడుస్తుంది. 1993లో కెనడాలో పెనెటాంగ్విషీన్ ఆసుపత్రి నుంచి వచ్చిన 618 మంది పురుషుల వివరాలతో తయారైన వీఆర్ఏజీ ఈ కోవలోది. 12 అంశాలకు మార్కులు వేసి కూడితే ప్రమాదం శాతంలో వస్తుంది. ఆ అంశాల్లో చాలావరకు మనిషి గతానికి సంబంధించినవి. బడిలో ఎలా ఉన్నాడు, ఇప్పటి కేసులోని నేరం ఏ వయసులో చేశాడు, పెళ్లి అయిందా లేదా. గతం మారదు కాబట్టి మార్కులూ పెద్దగా మారవు. పదేళ్లు మందులు వేసుకొని కుదుటపడినా అంకె అంకెగానే ఉంటుంది.

రెండో రకం డాక్టరు విచక్షణకు ఒక క్రమం ఏర్పరుస్తుంది. 1995లో కెనడాలోనే మొదలై, 2013లో మూడో కూర్పుగా వచ్చిన హెచ్‌సీఆర్-20 వీటిలో బాగా వాడుకలో ఉన్నది. ఇందులో 20 అంశాలు. పది గతం గురించి, ఐదు ప్రస్తుత మానసిక స్థితి గురించి, ఐదు బయటికి పోయాక ఎదురయ్యే పరిస్థితుల గురించి. తన జబ్బు తనకు తెలుసా, మందు వేసుకుంటున్నాడా, ఉండటానికి ఇల్లుందా, ఆసరాగా నిలిచే మనిషి ఉన్నాడా అని అడుగుతుంది. మార్కులు కూడి తీర్పు చెప్పదు. ఏయే పరిస్థితుల్లో, ఎవరి మీద, ఎలాంటి హింస జరగవచ్చో ఊహించి, దాన్ని ఆపే ఏర్పాటు రాయమంటుంది.

గతాన్ని మాత్రమే చూస్తే ఏమవుతుందో చెప్పే ఒక కేసు తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2021 జనవరి 24న అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో ఇద్దరు అక్కచెల్లెళ్లు సొంత ఇంట్లోనే హత్యకు గురయ్యారు. మళ్లీ బతికి వస్తారన్న నమ్మకంతో చంపారన్న ఆరోపణపై తల్లిదండ్రులనే పోలీసులు అరెస్టు చేశారు. ఇద్దరూ చదువు చెప్పే రంగంలో ఉన్నవాళ్లు. తిరుపతి రుయాలో పరీక్షించాక వాళ్లను విశాఖపట్నం ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి పంపారు. చదువు, ఉద్యోగం, కాపురం అన్నీ ఉన్న ఇంటికి గతం మీద నడిచే పరికరం ఎక్కువ మార్కులు వేయదు. ఇలాంటి చోట ప్రమాదం తెలిసేది ఆ వారం రోజుల్లో ఏం మాట్లాడుతున్నారు, ఏం నమ్ముతున్నారు, ఎవరినైనా లోపలికి రానిస్తున్నారా అన్నవాటిలోనే.

ఎవరి మీద, ఏం తాగి

1998లో వెలువడిన మెకార్థర్ అధ్యయనం ఈ రంగంలో పెద్ద మలుపు. అమెరికాలో మూడు నగరాల ఆసుపత్రుల నుంచి ఇంటికి పోయిన 1,136 మందిని ఏడాది పాటు పది వారాలకోసారి కలిసి అడిగారు. ఇంట్లోవాళ్లనూ అడిగారు, పోలీసు రికార్డులూ చూశారు. తీవ్రమైన మానసిక జబ్బు ఉండి, మత్తు అలవాటు లేనివాళ్లలో ఏడాదిలో హింసకు దిగినవారు 17.9 శాతం. అదే జబ్బుకు తాగుడో మత్తుమందో తోడైతే 31.1 శాతం. మత్తు జోలికి పోని రోగులను అదే వాడలో మత్తు జోలికి పోని ఇరుగుపొరుగుతో పోలిస్తే పెద్ద తేడా కనిపించలేదు. హింస ఎక్కువగా జరిగింది ఇంట్లో, ఇంటివాళ్ల మీద, తెలిసినవాళ్ల మీద. ముక్కూ మొహం తెలియనివాళ్ల మీద జరిగింది పదో వంతు చుట్టూ మాత్రమే. రోడ్డు మీద తిరిగే "పిచ్చోణ్ని" చూసి పిల్లలను లోపలికి లాక్కునే సమాజం భయపడాల్సిన చోట కాకుండా ఇంకోచోట భయపడుతోంది. నిజంగా కాపాడాల్సింది అన్నం పెట్టే తల్లిని, పక్కన పడుకునే భార్యను.

ఈ ఫలితాన్ని ఉత్తర తెలంగాణకు తెస్తే మొదట అడగాల్సిన మాట కల్లు గురించి. ఇక్కడ ఎన్నో ఏళ్లుగా కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం వంటి మత్తు రసాయనాలు కలుపుతున్నారన్నది ఎక్సైజు కేసుల్లో పదేపదే బయటపడుతున్న నిజం. తాగేవాడు కల్లు తాగుతున్నానని అనుకుంటాడు. ఒంటికి అలవాటయ్యేది నిద్రమాత్ర. అది ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, మనిషి ఎదుటివాళ్ల మీద పడతాడు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్‌తో సహా పలు జిల్లాల ఆసుపత్రులు ఇలాంటివాళ్లతో నిండిపోయాయి.

ఇప్పుడు ఒక రిమాండు ఖైదీని ఊహించుకోండి. సోమవారం జైలుకు వచ్చాడు. బుధవారం రాత్రి గోడలకు గుద్దుకుంటూ తోటి ఖైదీ మీద పడ్డాడు. గురువారం అతన్ని చూసిన డాక్టరు "తీవ్రమైన హింసా ప్రవృత్తి" అని రాస్తే, ఆ కాగితం జీవితాంతం వెంటాడుతుంది. అదే డాక్టరు "రోజూ ఎన్ని సీసాలు తాగేవాడివి, ఏ దుకాణం కల్లు?" అని అడిగి, సరైన మందులతో వారం పది రోజులు చూస్తే చాలాసార్లు ఆ హింస మాయమవుతుంది. అడవి ఊళ్లలో ఇప్పసారా, పట్టణాల్లో గంజాయి, అన్నిచోట్లా బ్రాందీ షాపు. ఏం తాగేవాడో తెలియకుండా రాసిన అంచనా సగం అంచనాయే.

నమ్మకమా, భ్రమా?

రెండో చిక్కు బాణామతి. మనిషికి స్కిజోఫ్రీనియా వచ్చినప్పుడు ఎవరో తనకు హాని తలపెట్టారన్న గట్టి భ్రమ కలుగుతుంది. లండన్‌లో ఆ ఎవరో గూఢచారి సంస్థ కావచ్చు. జగిత్యాల దగ్గరి పల్లెలో అయితే పక్కింటి ముసలామె. "మంత్రాలు చేసింది" అంటాడు. డాక్టరుకు ఇబ్బంది ఏమిటంటే ఆ మాట ఊళ్లో ఇంకా పది మంది అంటారు. పది మంది పంచుకునే నమ్మకాన్ని వైద్యశాస్త్రం భ్రమగా లెక్కించదు. అయినా దానివల్ల వచ్చే హింస భ్రమవల్ల వచ్చే హింస కన్నా తక్కువేం కాదు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలో మంత్రాల నెపంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ గుంపు పొడిచి చంపింది. గుంపులకు మానసిక జబ్బు ఉందని ఏ డాక్టరూ రాయడు.

కాబట్టి ఇక్కడి డాక్టరు అడగాల్సిన ప్రశ్నలు పాఠ్యపుస్తకంలో ఉన్నవాటికన్నా కాస్త వేరుగా ఉండాలి. అనుమానం ఒక పేరున్న మనిషి మీద నిలిచిందా? ఆ మనిషి ఎంత దూరంలో ఉంటుంది? అనుమానంతో పాటు కోపం ఉందా? భ్రమకు కోపం తోడైనప్పుడే హింసకు దారి ఎక్కువని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో "అట్లాంటిదేం లేదు బిడ్డా" అని అడ్డుచెప్పే మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఊరంతా అతని అనుమానానికి తలూపితే మందు సగం పనే చేస్తుంది. ఏ విదేశీ పరికరంలోనూ ఈ చివరి ప్రశ్నకు గడి లేదు. కరీంనగర్ డాక్టరు దాన్ని చేత్తో రాసుకోవాల్సిందే.

ముప్పు ఒక ఫలానా మనిషికే ఉందని తెలిసినప్పుడు డాక్టరు నోరు మూసుకోవాల్సిన పని లేదు. 1969లో కాలిఫోర్నియాలో, మన దేశం నుంచి చదువుకోడానికి పోయిన ఒక విద్యార్థి, తాను చంపబోయే అమ్మాయి గురించి ముందే మానసిక వైద్య నిపుణుడికి చెప్పాడు. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ హత్య మీద 1976లో వచ్చిన టారసాఫ్ తీర్పు, ముప్పున్న మనిషిని కాపాడే బాధ్యత వైద్యుడిదేనంది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, ఇతరులను హింస నుంచి కాపాడటానికి అవసరమైన మేరకు రోగి వివరాలు చెప్పేందుకు డాక్టరుకు వీలు కల్పించింది.

గోండులకు ఏ కొలత?

మూడో చిక్కు పరికరాలదే. పెనెటాంగ్విషీన్ 618 మందిలో ఉట్నూరు మనిషి లేడు. ఒక సమాజంలో తయారైన కొలత ఇంకో సమాజానికి సరిపోతుందా? ఈ ప్రశ్న కెనడాలోనే కోర్టుకెక్కింది. జెఫ్రీ యూవర్ట్ అనే ఆదివాసీ ఖైదీ, తన జాతివాళ్ల మీద పరీక్షించి చూడని పరికరాలతో తన ప్రమాదం లెక్కగట్టారని దావా వేశాడు. 2018లో కెనడా సుప్రీంకోర్టు అతని వైపు నిలిచింది. ఆ పరికరాలు ఆదివాసీలకు సరిగ్గా పనిచేస్తాయో లేదో చూసుకోకుండా వాడటం ద్వారా జైళ్ల శాఖ చట్టం అప్పగించిన బాధ్యతను విస్మరించిందని తేల్చింది.

ఆదిలాబాద్‌లో ఈ తీర్పు చదివితే పక్క ఊరి కథలా అనిపిస్తుంది. ఇక్కడ గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ అన్నీ ఇంటి భాషలే. తెలుగులో అడిగిన ప్రశ్నకు గోండు మనిషి తలూపితే అది అర్థమై ఊపాడా, పెద్ద సారు అడిగాడని ఊపాడా? "చెవుల్లో మాటలు వినిపిస్తాయా?" అంటే మీరు మాట్లాడుతున్నవి వినిపిస్తున్నాయనే చెబుతాడు. దుబాసీ కావాలి. ఆ దుబాసీ ఎస్కార్టు కానిస్టేబులు కాకూడదు.

గతం తెలుసుకోవడమూ అంత తేలిక కాదు. హెచ్‌సీఆర్-20లో సగం అంశాలు గత చరిత్రవే. కెనడాలో ఆ చరిత్ర పోలీసు, బడి, ఆసుపత్రి రికార్డుల్లో దొరుకుతుంది. ఇక్కడ భార్యను కొట్టిన గొడవ కులపెద్దల దగ్గర తీరుతుంది. గోండు గూడెంలో అయితే రాయి సెంటరు అనే గోండు పంచాయతీలో, పటేల్ సమక్షంలో తీరుతుంది. ఎఫ్ఐఆర్ లేదంటే హింస లేదని కాదు. ఇంకోపక్క, పదో తరగతి తప్పడం, స్థిరమైన ఉద్యోగం లేకపోవడం అక్కడ చెడు గుర్తులు. వానాకాలం పత్తి చేను, ఎండాకాలం తునికాకు, మధ్యలో వలస కూలి చేసుకునేవాడికి "ఉద్యోగ అస్థిరత" అని మార్కు వేస్తే పేదరికానికి మార్కు వేసినట్టే. అందుకే ఇక్కడ అంచనా కాగితాల మీద సాగదు. ఊరికి పోవాలి, కనీసం ఊరితో ఫోనులో మాట్లాడాలి. తల్లి, భార్య, ఆశా కార్యకర్త, పటేల్ చెప్పే మాటలు వేర్వేరుగా వినాలి.

కడెం గేట్ల పాఠం

2022 జూలైలో నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు దాని గేట్లు వదలగలిగిన 3 లక్షల క్యూసెక్కులను మించి 5 లక్షలకు పైగా వరద వచ్చింది. గేట్లెత్తి, దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. కట్ట నిలబడింది. కట్ట తెగలేదు కాబట్టి హెచ్చరిక తప్పు అని ఎవరూ అనలేదు. వరద అంచనా జోస్యం కాదు. ఎప్పటిలోగా ఏ గేటు ఎత్తాలో, ఎవరిని కదిలించాలో చెప్పే సమాచారం. పైగా అది గంట గంటకూ మారుతుంది. నిన్నటి అంచనాతో ఇవాళ గేట్లు నడపరు.

హింసా ప్రమాద అంచనా కూడా ఇలాగే ఉండాలని ఈ రంగంలోని పెద్దలు ముప్పై ఏళ్లుగా చెబుతున్నారు. "ఇతను ప్రమాదకారి" అన్న నివేదిక పనికిరాదు. "మందు మానేసి, మూడు వారాలు దాటి, మళ్లీ తాగుడు మొదలుపెడితే అన్న మీద అనుమానం తిరిగి వస్తుంది, ఇంట్లో చేతికందిన దానితో కొట్టే ప్రమాదం ఉంది, నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ ఆగకపోతే ఆ ప్రమాదం తక్కువ" అన్న నివేదిక పనికొస్తుంది. అందులో మనిషి ఉన్నాడు, ముప్పున్నవాళ్లు ఉన్నారు, ముందుగా కనిపించే గుర్తులు ఉన్నాయి, చేయాల్సిన పని ఉంది, మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ ఉంది.

వార్డు లోపల ఈ పని మరీ సులువుగా జరుగుతుంది. నార్వేలో పుట్టిన బ్రోసెట్ జాబితా నర్సులను ఆరే ఆరు విషయాలు చూడమంటుంది. అయోమయం, చిరాకు, గోల, మాటలతో బెదిరించడం, చేతలతో బెదిరించడం, వస్తువుల మీద విరుచుకుపడటం. షిఫ్టుకోసారి గుర్తు పెడితే రాబోయే 24 గంటల ప్రమాదం తెలుస్తుంది. పదేళ్ల తర్వాత సంగతి చెప్పలేని శాస్త్రం రేపటి సంగతి మాత్రం బాగానే చెప్పగలుగుతోంది. జిల్లా జైలు ఆసుపత్రిలో కూడా దీన్ని వాడటానికి కాగితం, పెన్ను, కాస్త శిక్షణ చాలు.

అంచనా వేసి ఊరుకుంటే ప్రమాదం తగ్గదు. తగ్గించేది చికిత్స. స్వీడన్‌లో 82,647 మంది రోగుల వివరాలు చూసిన ఫజెల్ బృందం 2014లో ఇలా తేల్చింది: ఒకే మనిషి యాంటీసైకోటిక్ మందులు వాడిన కాలంలో, వాడని కాలంతో పోలిస్తే హింసాత్మక నేరాలు 45 శాతం తక్కువ. ఇంకో ఫలితం మనకు మరీ ముఖ్యం. మనోవైకల్యంలో జరిగే హత్యల్లో పదింట దాదాపు నాలుగు మొదటిసారి జబ్బు చేసినప్పుడే, ఏ చికిత్సా అందకముందే జరుగుతున్నాయని నీల్సన్, లార్జ్ అనే ఆస్ట్రేలియా వైద్యులు 2010లో లెక్కతేల్చారు. వీళ్లు ఏ ఫోరెన్సిక్ వార్డు అంచనాకూ అందరు, ఎందుకంటే ఇంకా ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు. కొండగట్టు అంజన్న గుడి దగ్గర నిద్ర చేయించడానికో, భూతవైద్యుడి దగ్గరికో తిప్పుతున్న ఆ మొదటి నెలలే అసలు ప్రమాదపు రోజులు. దేవుడికి మొక్కుకోవద్దని ఎవరూ అనరు. మొక్కుతో పాటు మందు కూడా ఆ వారమే మొదలవ్వాలి.

లోపలే ఉండిపోయినవాళ్లు

తప్పు అంచనాకు రెండో ముఖం ఒకటుంది. అస్సాంకు చెందిన మచల్ లాలుంగ్ అనే గిరిజనుణ్ని 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో ఆసుపత్రి అతను బాగున్నాడని రాసిచ్చింది. అయినా ఇంటికి పంపలేదు, జైలుకు మార్చారు. విచారణ జరగలేదు. 2005లో, 54 ఏళ్ల తర్వాత, ఒక్క రూపాయి పూచీకత్తు మీద విడుదలయ్యాడు. అంతకుముందు 1982లో వీణా సేథీ కేసులో, హజారీబాగ్ జైల్లో నయమైపోయాక కూడా దశాబ్దాలుగా పడి ఉన్నవాళ్లను సుప్రీంకోర్టు బయటికి తెచ్చింది. వాళ్లను లోపల ఉంచింది ప్రమాదం కాదు. మళ్లీ చూడటానికి ఎవరికీ తేదీ లేకపోవడం. పూచీకత్తు ఇచ్చే బంధువు రాకపోవడం.

2017 చట్టం ఈ విషయంలో కొంత నయం. జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు నివేదిక పంపాలని 103వ సెక్షన్ చెబుతోంది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైల్లోనైనా మానసిక వైద్య విభాగం ఉండాలంటోంది. అయితే 300 కిలోమీటర్ల అవతల ఉన్న ఆసుపత్రి, గూడెంలో నెలనెలా ఇంజెక్షన్ ఇచ్చే మనిషి లేకుండా ఇచ్చే డిశ్చార్జి, ఏ మంచి నివేదికనైనా చిత్తు కాగితం చేస్తాయి. ప్రమాదం మనిషి తలలో ఎంత ఉందో, అతను తిరిగి వెళ్లే ఊరి ఏర్పాట్లలోనూ అంతే ఉంది. మందు అందే చోట ఒకే మనిషి ప్రమాదం తక్కువ, అందని చోట ఎక్కువ. కాబట్టి "మళ్లీ చేస్తాడా?" అన్న ప్రశ్నకు సగం జవాబు డాక్టరు ఇవ్వాలి, మిగతా సగం ప్రభుత్వమూ ఊరూ ఇవ్వాలి.

చదువుతున్న మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరైనా ఒంటరిగా మాట్లాడుకుంటూ, నిద్రపోకుండా, ఒక ఫలానా మనిషి మీదే అనుమానం పెంచుకుంటూ ఉంటే, వాళ్లు చెయ్యెత్తేదాకా ఆగకండి. గొలుసుతో కట్టకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో అలా గొలుసులతో కట్టివేసిన 28 మంది మంటల్లో కాలి చనిపోయారు. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని 2017 చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. గొడ్డలి, కొడవలి అందకుండా తీసి దాచండి. కల్లు ఒక్కసారిగా ఆపకుండా డాక్టరును అడగండి. అనుమానానికి గురైన మనిషిని కొన్నాళ్లు ఎడంగా ఉంచండి. పరిస్థితి చేయిదాటితే పోలీసులను పిలవండి. అలాంటి మనిషిని రక్షణలోకి తీసుకొని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షకు చేర్చడం 100వ సెక్షన్ ప్రకారం వాళ్ల విధి. దారి తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీమానస్, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.